నలభై సర్టిఫికెట్ల కంటే నాలుగు స్టైపెండ్లు మేలు

మా వీధిలో టైలరింగ్ షాపు నడిపే ఆయన కూతురు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది. హైదరాబాదులోని ఒక కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి ఎంపికైనట్టు ఆ అమ్మాయికి మెయిలొచ్చింది. తండ్రి దాన్ని ప్రింటు తీయించుకుని నా దగ్గరికి తెచ్చాడు. నేను థర్మల్ స్టేషన్లో పనిచేసి రిటైరయినవాణ్ని కాబట్టి గవర్నమెంటు కాగితాల భాష నాకు తెలుస్తుందని ఆయన నమ్మకం. అంతా చదివి చెప్పాక ఒక్కటే అడిగాడు. “మనం ఎంత కట్టాలి సార్?”

ఏమీ కట్టక్కర్లేదనబోయి కాగితం మళ్ళీ చూశాను. ఫీజు లేదు, నిజమే. స్టైపెండూ లేదు. హాస్టల్ లేదు, ల్యాబుకి రాకపోకల ఏర్పాటు లేదు, బీమా అభ్యర్థే చూసుకోవాలి, మధ్యలో మానేస్తే సర్టిఫికెట్ ఇవ్వబడదు. హైదరాబాదులో ఆడపిల్లల హాస్టల్ అంటే తిండితో కలిపి ఎంత చూసుకున్నా నెలకు ఏడు వేలు, బస్సులకీ చిల్లర ఖర్చులకీ ఇంకో రెండు మూడు వేలు. రెండు నెలలకి ఇరవై వేలు దాకా తేలుతుంది. ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

ఈ విషయంలో నాకొక అభిప్రాయం ఉంది, చాలామందికి అది నచ్చదు. ప్రభుత్వ సైన్సు ల్యాబుల్లోనూ కరెంటు సంస్థల్లోనూ డబ్బులివ్వకుండా నడిపే ఇంటర్న్‌షిప్‌లు ఎత్తేయాలి. సీట్లు పదో వంతుకు పడిపోయినా సరే, మిగిలినవాటికి తిండికీ బసకీ సరిపడా ఇవ్వాలి. ఈ మాట అంటే ముందు కోప్పడేది లెక్చరర్లు, తర్వాత ల్యాబుల్లో ఉన్న మిత్రులు. వాళ్ళ అభ్యంతరాల్లో కొన్నింటికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు కూడా.

అప్రెంటిస్ వేరు, ఇంటర్న్ వేరు

ప్లాంటు గేటు దగ్గర ఒకే వయసు పిల్లలిద్దరు పాసు కోసం నిలబడతారు. ఒకరు అప్రెంటిస్, ఇంకొకరు ఇంటర్న్. అప్రెంటిస్ వెనక 1961 నాటి చట్టం ఉంది. 1973లో దాన్ని సవరించి ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్ళని కూడా చేర్చారు. ఎన్నాళ్ళు, రోజుకెన్ని గంటలు, నెలకెంత, పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఎవరివ్వాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. 2019 నిబంధనల్లో డిగ్రీ అప్రెంటిస్‌కి నెలకు కనీసం 9,000, డిప్లొమా అప్రెంటిస్‌కి 8,000 అని పెట్టారు. కనీస స్టైపెండులో సగం కేంద్రం తిరిగి ఇస్తుంది. 30 మందికి తగ్గకుండా పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకుని తీరాలి.

ఇంటర్న్‌కి ఇవేవీ లేవు. అతను మన కార్మిక చట్టాల లెక్కలోకే రాడు. ఒక సంస్థ ఫీజు పుచ్చుకుంటుంది, ఇంకో సంస్థ ఉచితంగా రానిస్తుంది, ఎక్కడో ఒకటీ అరా డబ్బులిస్తుంది. ఇంధనంతో సహా అన్ని రంగాల్లో కేంద్రానికి విధాన సలహాలిచ్చే నీతి ఆయోగ్‌లో ఇంటర్న్ కావాలంటే, డిగ్రీ చదివే పిల్లలకి ఇంటర్‌లో 85 శాతం మార్కులుండాలి. ఢిల్లీలో ఉండాలి, ల్యాప్‌టాప్ సొంతంగా తెచ్చుకోవాలి, జీతం అడక్కూడదు. అవన్నీ మార్గదర్శకాల్లోనే ఉన్నాయి, దాపరికం ఏమీ లేదు. 85 శాతం తెచ్చుకున్న పిల్లలు మన జిల్లాల్లో బోలెడంతమంది ఉన్నారు. నెలల తరబడి ఢిల్లీలో సొంత ఖర్చుతో ఉండగలిగినవాళ్ళు ఎంతమంది? ఎంపిక మార్కుల్ని బట్టి జరుగుతోందని పైకి కనిపిస్తుంది, అసలు వడపోత అంతకుముందే ఇంట్లోనే అయిపోతుంది.

మే నెలలో ప్లాంటుకొచ్చేవాళ్ళు

నేను పనిచేసిన ప్లాంటు పేరు చెప్పను. ఇలాంటి కథ ప్లాంటున్న ఏ ఊళ్ళో అడిగినా వినిపిస్తుంది.

ఏప్రిల్ నెలాఖరుకల్లా కాలేజీల నుంచి లెటర్లు వచ్చిపడేవి. ఇన్‌ప్లాంట్ ట్రైనింగ్ అనీ మినీ ప్రాజెక్ట్ అనీ, ఈమధ్య అయితే ఇంటర్న్‌షిప్ అనీ. పేరేదైనా జరిగేది ఒకటే. తలకింత అని ట్రైనింగ్ ఫీజు కట్టించుకునేవాళ్ళు (మేం వాళ్ళకివ్వడం పోయి వాళ్ళ దగ్గరే పుచ్చుకోవడం), ముప్పై నలభై మందిని ఒక గుంపు చేసి, కొత్తగా చేరిన ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరు) ఒకర్ని ఇచ్చి, కోల్ యార్డు నుంచి చిమ్నీ దాకా ఒకసారి తిప్పేవాళ్ళు. టర్బైన్ హాల్లో మోతకి ఆ ఏఈ చెప్పేది ముందున్న నలుగురికి తప్ప ఎవరికీ వినపడదు. మర్నాటి నుంచి ఆ పిల్లలు ఎవరికీ చెందరు. కంట్రోల్ రూంలో ఏసీ ఉంటుంది కాబట్టి అక్కడ చేరతారు. షిఫ్ట్ ఇంజనీరు విసుక్కుంటే క్యాంటీన్‌కి పోతారు. మే నెల అంటే ఫ్యాన్లూ ఏసీలూ కూలర్లూ రాష్ట్రమంతా తిరుగుతున్న రోజులు, ఏ యూనిట్టూ ఆగడానికి వీల్లేదు. బాయిలర్ ట్యూబ్ లీకయి ఒక యూనిట్ ట్రిప్ అయి ఆగిపోతే హెడ్ ఆఫీసు నుంచి గంటకోసారి ఫోను. ఆ టెన్షన్‌లో పిల్లలకి రాంకిన్ సైకిల్ (ఆవిరితో టర్బైన్ నడిచే సూత్రం) చెప్పే ఓపిక ఎవరికుంటుంది?

ఆఖర్న రిపోర్టు. టౌన్‌షిప్ గేటు బయట జిరాక్సు షాపులో అది రెడీగా దొరికేది. పేరూ రోల్ నంబరూ మార్చి స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు. ఒకసారి కాలేజీ వాళ్ళు వైవాకి నన్ను పిలిస్తే వెళ్ళాను. ఒక కుర్రాడి రిపోర్టులో మా ప్లాంటు పేరుంది, ఫోటో ఉంది, కూలింగ్ వాటర్ మాత్రం వేరే నది నుంచి వస్తోంది. ఆ నది మా జిల్లాలోనే లేదు. నీళ్ళెక్కడ్నుంచి వస్తాయి బాబూ అని అడిగితే పాపం నిజాయితీగా “ఇన్‌టేక్ దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళలేదు సార్” అన్నాడు. మార్కులు మాత్రం బాగానే వచ్చాయి, గైడు వేసేశాడు.

అదే ప్లాంటులో డిప్లొమా అప్రెంటిస్ ఒకడుండేవాడు. ఓవర్‌హాల్‌లో, అంటే యూనిట్ ఆపి విప్పి బాగుచేసేటప్పుడు, బాయిలర్ గోడల్లో నీళ్ళు తిరిగే వాటర్‌వాల్ ట్యూబుల మందం కొలుస్తున్నారు. అల్ట్రాసోనిక్ గేజ్ పెట్టి కాంట్రాక్టర్ మనిషి రీడింగ్ చెప్తుంటే ఈ అబ్బాయి షీటులో రాసుకుంటున్నాడు. ఒక ప్యానెల్ మొత్తానికి అంకెలు మరీ ఒకేలా వస్తున్నాయని అతనికి అనుమానం వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మెయింటెనెన్స్ ఏడీఈతో (ఏఈ పైన ఉండే ఇంజనీరు) మెల్లగా చెప్పాడు. మళ్ళీ కొలిపించారు. బర్నర్ మూల దగ్గర రెండు ట్యూబులు బాగా అరిగిపోయి ఉన్నాయి. నీళ్ళ ఒత్తిడితో లీకులు చూసే హైడ్రో టెస్ట్‌కి ముందే మార్చేశారు. అతను కాలేజీ టాపరేమీ కాదు. మేం ప్రత్యేకంగా నేర్పిందీ లేదు. నెలనెలా డబ్బులు పడుతుంటాయి కాబట్టి ఏడాదిపాటు రోజూ వచ్చాడు, రోజూ వచ్చాడు కాబట్టి ఎవరో ఒకరు పని చెప్పారు.

అక్కడ తేడా డబ్బు వల్ల వచ్చిందా, ఏడాది సమయం వల్ల వచ్చిందా అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. రెండూ అనే అంటాను, కానీ డబ్బుకి ఇంకో గుణం ఉంది. గవర్నమెంటులో పైసా ఖర్చయిందంటే దాని వెనక ఫైలుంటుంది, అకౌంట్స్ వాళ్ళు హాజరు అడుగుతారు, ఆడిట్ వచ్చినప్పుడు ఈ మనిషి ఏం పని చేశాడని అడుగుతారు. అంటే అతనికి పని చెప్పాల్సిన బాధ్యత ఒక అధికారి మీద పడుతుంది. ఉచితంగా వచ్చిన నలభై మంది ఏం చేశారని మా ప్లాంటులో ఏ ఆడిటరూ అడగలేదు. స్టైపెండ్ విద్యార్థికి ఎంత అవసరమో, సంస్థ మెడ మీద కత్తిలా అంతకంటే ఎక్కువ అవసరం అని నా వాదన.

డబ్బిస్తామన్నా రాలేదుగా?

నా వాదనకి గట్టి దెబ్బలా కనిపించేది పీఎం ఇంటర్న్‌షిప్ పథకం. 2024 బడ్జెట్‌లో ప్రకటించారు, అక్టోబరులో పోర్టల్ తెరిచారు. అప్పట్లో నెలకు 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000, పన్నెండు నెలలు అన్నారు. పెద్ద కంపెనీలు, వాటిలో చమురు, గ్యాసు, ఇంధన రంగాలవీ చాలానే. మొదటి విడతలో 1.27 లక్షల అవకాశాలకి 6.21 లక్షల దరఖాస్తులొచ్చాయి. 82,000కి పైగా ఆఫర్లిచ్చారు. 28,000 మంది ఒప్పుకున్నారు. చివరికి చేరింది దాదాపు 8,700 మంది. పార్లమెంటులో చెప్పిన లెక్కలివి.

చూశారా, డబ్బులిచ్చినా పిల్లలు కదలరు, సమస్య డబ్బు కాదు అని ఈ లెక్కలు చూపించి నాతో వాదించినవాళ్ళున్నారు. నాకు అవి తిరగేసి చదవాలనిపిస్తుంది. ఆరు లక్షల పైచిలుకు దరఖాస్తులంటే ఆశ ఉందనే కదా. సొంతూరు వదిలి ఇంకో ఊళ్ళో గది తీసుకునేవాడికి నెలకు 5,000 దేనికి సరిపోతుంది? అద్దె కట్టి బియ్యం కొనేసరికి అయిపోతుంది. ఇల్లు దగ్గర్లో ఉన్నవాడికి ఆ డబ్బు చాలు, దూరం నుంచి రావాల్సినవాడికి చాలదు. దూరం అనీ ఏడాది మరీ ఎక్కువనీ పిల్లలు చెప్పిన కారణాల్లో తప్పేముంది? పైగా ఇంట్లో ఎవరికైనా పర్మనెంటు గవర్నమెంటు ఉద్యోగం ఉంటే అర్హత లేదన్నారు, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు దాటకూడదన్నారు. అంటే చేతిలో డబ్బు లేనివాళ్ళని ఏరి మరీ పిలిచి, చేతి డబ్బు పెట్టుకుంటే తప్ప నిలవలేని చోటికి పంపారు. సగం సగం ఇస్తే ఏమవుతుందో చూపించినందుకు ఆ పథకానికి నేను రుణపడి ఉన్నాను.

తప్పనిసరి చేశాక

మన దగ్గర ఇంకో వైపు నుంచి ముంచుకొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ రెండు నెలలు, షార్ట్ టర్మ్ ఇంకో రెండు, ఆఖర్న ఒక సెమిస్టర్ మొత్తం. కాగితం మీద దీనికి వంక పెట్టలేం. మూడేళ్ళు బీకరు పట్టుకోకుండా బీఎస్సీ కెమిస్ట్రీ పాసయ్యే రోజుల్లో ఎవరో ఒకరు బయటికి పొమ్మన్నారు, సంతోషం.

పోవడానికి చోటేది? పల్లెటూరి డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే మా బంధువు ఒకాయన లెక్క చెప్పాడు. “మా మండలంలో సైన్సుకి దగ్గరగా ఉన్నవి ఒక పాలకేంద్రం, రెండు రైసు మిల్లులు, ఒక సబ్‌స్టేషన్. మాకేమో రెండొందల మంది పిల్లలు. ఎక్కడికి పంపమంటావు బావా?” చివరికి ఆన్‌లైన్‌లో ఎవరో ఇచ్చే వీడియోలు చూసి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకున్నారు. అమీర్‌పేటలో ప్రాజెక్టులు కొనుక్కునే అలవాటు ఇంజనీరింగ్ వాళ్ళకి ఏనాటి నుంచో ఉంది, ఇప్పుడది డిగ్రీ కాలేజీల దాకా పాకింది.

ఆ సబ్‌స్టేషన్ మాట మాత్రం నేను వదల్లేదు. 33/11 కేవీ సబ్‌స్టేషన్ అంటే తీసిపారేయాల్సిన చోటేమీ కాదు. గంటగంటకీ ఫీడర్ (ఊళ్ళకి కరెంటు తీసుకెళ్ళే లైను) లోడు రాసే లాగ్‌బుక్ ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఉష్ణోగ్రత ఉంటుంది, పొలాలకి కరెంటిచ్చే వేళల్లో లోడు ఎలా ఎక్కిందో దిగిందో అంకెలతో సహా ఉంటుంది. ఫిజిక్స్ చదివే ఇద్దరు పిల్లలకి ఆరు నెలల పని అక్కడే ఉంది. కానీ ఇద్దరికే. రెండొందల మందికి కాదు. ఆ ఇద్దరికి పని చూపించమని అక్కడి ఆపరేటర్‌కి పైనుంచి ఎవరైనా చెప్పాలి. ఆయన కాంట్రాక్టు ఉద్యోగి అయితే, ఆయన జీతమే ఆయనకో పెద్ద గొడవ.

ల్యాబులో ఉన్నవాళ్ళ మాట

హైదరాబాదు ల్యాబులో పనిచేసే ఒక పరిచయస్తురాలు నన్ను గట్టిగానే అడ్డుకున్నారు. ఆవిడ మాట ఇది. ఎనిమిది వారాల కోసం వచ్చే పిల్లలకి పాసూ సేఫ్టీ ట్రైనింగూ అయ్యేసరికే రెండు వారాలు పోతాయి, పరికరం మీద చెయ్యి తిరగడానికి ఇంకో మూడు. నిజంగా పనిచేసేది మూడు వారాలు. ఆ మూడు వారాల కోసం తన పీహెచ్‌డీ విద్యార్థి ఒకరు రెండు నెలలు వెనకబడతారు. అయినా తీసుకుంటున్నానంటే అది తన ఇష్టం కొద్దీ. “స్టైపెండ్ ఇచ్చి తీరాలని రూలు పెట్టారనుకోండి, ఫైలు ఫైనాన్స్‌కి వెళ్ళి తిరిగొచ్చేసరికి వేసవి అయిపోతుంది. నేను ఎవర్నీ తీసుకోను. అప్పుడు మీ టైలర్ గారి అమ్మాయికి ఏం మిగిలింది?”

ఈ ప్రశ్న దగ్గర నేను నిజంగానే ఆగాను. అప్పు చేసైనా పంపుదామనుకుంటున్న తండ్రి దగ్గరికెళ్ళి, న్యాయం కోసం మీ అమ్మాయి సీటే తీసేయాలండీ అని చెప్పలేను. ఒక్కో మనిషిగా చూస్తే ఉచిత సీటు కూడా సీటే. ఆ అమ్మాయి వెళ్ళాలనే నేనూ చెప్పాను. కానీ ఆ సీటు ఉన్నన్నాళ్ళూ ఫైనాన్స్‌కి ఫైలు పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాదు. ఏటా ఎంతోమంది విద్యార్థులకి శిక్షణ ఇచ్చాం అని వార్షిక నివేదికలో ఒక వాక్యం పడిపోతుంది, అందరూ సంతోషం. ఇష్టం కొద్దీ నేర్పే ఆవిడ లాంటివాళ్ళ మంచితనం మీద ఈ ఏర్పాటంతా నడుస్తోంది, వాళ్ళు రిటైరైతే అదీ ఉండదు.

డబ్బులెక్కడివి అనేవాళ్ళకి అమెరికా సంగతి చెప్తే అది ధనిక దేశం అంటారు. అయినా చెప్తాను, మన పిల్లలకి సంబంధం ఉంది కాబట్టి. అక్కడ ఇంధన శాఖ కింద 17 జాతీయ ప్రయోగశాలలున్నాయి. డిగ్రీ చదివేవాళ్ళకి సులి అనే పథకం ఉంది, వేసవిలో పది వారాలు, సెమిస్టర్‌లో అయితే పదహారు. వారానికింత అని స్టైపెండ్, దూరం నుంచి వచ్చేవాళ్ళకి బస, దారి ఖర్చులు. రేపటి సైంటిస్టుల్ని అక్కడే ఏరుకుంటారన్నమాట. అయితే పౌరులో, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళో అయ్యుండాలి. డాలస్‌లో పుట్టిన తెలుగు పిల్ల అప్లై చేయొచ్చు, ఎఫ్-1 వీసా మీద వెళ్ళిన గుంటూరు కుర్రాడు చేయలేడు. ఎవరి డబ్బుతో ఎవరిని తయారు చేసుకోవాలో వాళ్ళకి స్పష్టంగా ఉంది.

సరే, ధనిక దేశం వదిలేద్దాం. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి మన దేశంలోనే ఏళ్ళ తరబడి సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ నడుపుతున్నాయి. రెండు నెలలు, స్టైపెండ్, రానూపోనూ రైలు చార్జీలు. విద్యార్థులకే కాదు, పాఠాలు చెప్పేవాళ్ళకీ ఉంది. అంటే ఫైలు ఎలా పెట్టాలో, డబ్బులెలా పంపాలో ఇక్కడి వ్యవస్థకి తెలుసు. ఈ ఫెలోషిప్ సంగతి ఆ అమ్మాయికి తెలుసా అని అడిగితే తెలియదంది. వాళ్ళ కాలేజీ నోటీసు బోర్డుకి అది ఎక్కలేదు. ఆన్‌లైన్ సర్టిఫికెట్ల కంపెనీ పోస్టరు మాత్రం మెట్ల దగ్గర రెండు చోట్ల అంటించి ఉందట.

వానాకాలం సంగతి

కరెంటు ప్లాంట్ల వరకైతే నాకు తెలిసిన పని కాబట్టి ఒకటి ఖచ్చితంగా చెప్పగలను. పిల్లల్ని పంపాల్సింది మే నెలలో కాదు. వానలు పడి, లోడు తగ్గి, శ్రీశైలం, సాగర్‌లలో జలవిద్యుత్ మొదలయ్యాక థర్మల్ యూనిట్లని ఒక్కొక్కటిగా ఓవర్‌హాల్‌కి ఆపుతారు. అప్పుడు టర్బైన్ సిలిండర్ విప్పి ఉంటుంది, రోటర్ స్టాండు మీద ఉంటుంది, బ్లేడ్లు చేత్తో తాకి చూడొచ్చు. మామూలు రోజుల్లో 540 డిగ్రీల ఆవిరి తిరిగే చోట మనుషులు తిరుగుతుంటారు. కొలతలు తీయడానికి, రాయడానికి మనుషులు చాలరు, కాంట్రాక్టర్లు బయటి నుంచి కూలీలని తెచ్చుకుంటారు. ఓవర్‌హాల్‌కి ఎలాగూ బడ్జెట్ ఉంటుంది. యూనిట్‌కి నలుగురు పిల్లల స్టైపెండ్, టౌన్‌షిప్ హాస్టల్లో నాలుగు మంచాలు దాని కింద రాస్తే ఆ మొత్తం ఎవరి కంటికీ ఆనదు.

ఆంధ్రలో డిగ్రీ వాళ్ళకి ఎలాగూ ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఐదో సెమిస్టర్‌లో వెళ్ళేవాళ్ళకి అది సరిగ్గా ఈ నెలల్లోనే పడుతుంది. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ వాళ్ళకి యూనివర్సిటీ, బోర్డు కాస్త సర్దాలి. సర్వీసులో ఉండగా ఈ మాట ఒక మీటింగ్‌లో అంటే, విద్యార్థులు వచ్చేది వేసవి సెలవుల్లోనే కదండీ అని నవ్వేసి తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు. ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, వచ్చే ఓవర్‌హాల్ ఎస్టిమేట్‌లో ఆ నలుగురి పద్దు చేర్చి పంపండి. కొట్టేస్తే ఏ కారణం రాసి కొట్టేశారో నాకు చెప్పండి.